కట్ట మీది రైతు

తెలంగాణ పల్లెల్లో పెద్ద చెరువు కింద నాలుగైదు ఎకరాల తరి, అంటే చెరువు నీళ్లతో పారే పొలం, సాగు చేసుకునే రైతుల్లో ఒకాయన ఎప్పుడూ ఇంటి దగ్గర దొరికేవాడు కాదు. వెతుక్కుంటూ పోయినవాళ్లకు ఇల్లాలు చేతిలో చేట దించకుండానే చెప్పేది: "మీ మామ ఇంట్ల ఎప్పుడుంటడు బిడ్డా, కట్ట మీద సూడు." ఆయన పటేలు కాదు, పట్వారీ కాదు. జీతం లేదు, మేర లేదు, అంటే పంట మీద గింజల వాటా లేదు. చెరువు నీళ్లు వదిలే తూమును ఎత్తి దించే నీరటికి కళ్లంలో ఎకరానికి ఇంత అని వడ్లు ముట్టేవి. ఈయనకు ముట్టేది అందరితో పాటు తన మడికి తన వంతు నీళ్లే. అయినా ఏ మడికి ఎప్పుడు నీళ్లు పోవాలి, ఎండాకాలం కట్టకు ఎంత మట్టి పడాలి, పై ఊరి చెరువు నిండి మత్తడి మీంచి పొర్లే నీళ్లు మన చెరువు దాకా ఎందుకు రావడం లేదు అన్న చింతంతా ఆయన నెత్తి మీదే. అలాంటి రైతులు దాన్ని సేవ అనలేదు, ఊరి పని అన్నారు. ఆ తరం రైతులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఊరి పని అంటే ఏమేం చేసేవారో, ఎందుకలా చేసేవారో రాసిపెట్టుకోవాల్సిన అవసరం ఇప్పుడుంది. అది పక్కన నిలబడి చూసి నేర్చుకున్న విద్య, కాగితం మీదికి ఎక్కింది తక్కువ.

రోహిణి కార్తెలో, చెరువు అడుగంటి, నీళ్లు నిలిచే నేల అయిన శిఖం నెర్రెలు బారి ఉన్నప్పుడు, ఆయన పని మొదలయ్యేది. ఎండ ముదరకముందే కట్టను ఈ కొస నుంచి ఆ కొసకు మూడుసార్లు నడిచేవాడు: ఒకసారి పైన, ఒకసారి నీళ్ల వైపు రాతికట్టు వెంట, ఒకసారి వెనక వాలు అడుగున.

పైన నడిచేది కుంగిన చోట్ల కోసం. కుంగుడు మామూలుగా కంటికి ఆనదు. అందుకని ముందటి వానాకాలంలో చెరువు నిండినప్పుడే, గాలి లేని పూట చూసి, గుర్తులు గీసిన కర్రతో ప్రతి 50 అడుగులకూ నీటి మట్టం నుంచి కట్ట నెత్తి ఎంత ఎత్తుందో కొలిచి పెట్టుకునేవాడు. నిలిచిన నీళ్లకు మించిన రసమట్టం లేదు కదా. అంతటా 5 అడుగులుండి ఒక్కచోట మూడున్నరే ఉందంటే, పెద్ద వరద వచ్చిన రాత్రి నీళ్లు పొర్లేది సరిగ్గా అక్కడే. మట్టికట్ట మీంచి నీళ్లు పొర్లడం మొదలైతే వెనక వాలు కోసుకుపోతుంది, తెల్లారేసరికి గండి. కాబట్టి బండ్ల మట్టి ముందుగా పడాల్సింది ఆ చోటనే. "మా పొలం ఎదురుంగ కట్ట సన్నగున్నది, ఇక్కడ పోయించన్నా" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. కర్ర మీది గీత చూపించి పంపేవాడు.

నీళ్ల వైపు చూసేది రాళ్లను. గాలికి లేచే అలలు ఏడాది పొడుగునా ఒకే చోట కొట్టి కొట్టి రాయి కింది మట్టిని లాగేస్తాయి. రాయి జారుతుంది, పైది దాని మీద పడుతుంది. జారిన చోట మళ్లీ రాయి పేర్చేటప్పుడు అడుగు నుంచి పైకి రావాలి. రాయి పొడుగు కట్ట లోపలికి పోవాలి, వెడల్పు ముఖం బయటికి కనబడేట్టు పలకలా పరిస్తే అందంగా ఉంటుంది గానీ రెండేళ్లకు ఊడుతుంది. కింద జానెడు మందాన మొరం వేయకపోతే రాళ్ల సందుల్లోంచి మట్టి మళ్లీ జారుతుంది. సందుల్లో చిన్న రాళ్లు బిగించి కొట్టాలి. ఇంటి పునాదులకని కట్ట రాళ్లు మోసుకుపోయేవాళ్లను ఆయన క్షమించేవాడు కాదు. ఊరు కూడే కచ్చీరు దగ్గర అందరి ముందూ అడిగి, ఆ రాళ్లను వాళ్ల బండి మీదే వెనక్కి తెప్పించేవాడు.

వెనక వాలు నడక అన్నిటికంటే నిదానం. పందికొక్కు బొరియలు, ఎండ్రకాయ తొర్రలు, తడి మచ్చలు, సర్కారు తుమ్మ మొలకలు అన్నీ ఉండేది అక్కడే. చెట్టు వేళ్లు కట్టను పట్టి ఉంచుతాయని చాలామంది అనుకుంటారు. గడ్డి వేళ్లు పట్టి ఉంచుతాయి, చెట్టు వేళ్లు కాదు. చెట్టు చచ్చాక తొడంత లావు వేరు లోపల కుళ్లిపోయి, దాని జాగాలో కట్ట కడుపులో గొట్టం మిగులుతుంది. అందుకే తుమ్మ మొలకను బొటనవేలంత ఉన్నప్పుడే వేరుతో లాగేయించేవాడు. బొరియ పూడ్చడానికి పైన నాలుగు పారల మట్టి కొట్టి తొక్కి పోతే లాభం లేదు. బొరియ ఎంత లోతుందో వెదురుతో చూసి, అంత దాకా వెడల్పుగా తవ్వి, పక్కలు మెట్లలా కోసి, బంక మట్టి జానెడు జానెడు పొరలుగా వేసి, ఒక్కో పొరను దిమ్మిసతో కొట్టాలి. మట్టి ఎంత తడి ఉండాలంటే పిడికిట్లో పట్టి వదిలితే ఉండ నిలవాలి, అరచేతికి అంటకూడదు. ఎక్కువ తడిదైతే దిమ్మిస కింద జారుతుంది, పొడిదైతే పొరల మధ్య అతుకు పడదు. ఆ అతుకు లేని చోటనే మళ్లీ నీళ్లు దారి చేసుకుంటాయి.

కట్టకు మట్టి, పొలానికి మట్టి రెండూ చెరువులోంచే. ఇక్కడా ఆయనకు ఒక పట్టింపు ఉండేది. కట్ట నీడన ఉన్న పూడిక దగ్గరగా ఉంటుంది, బండి తొందరగా నిండుతుంది, కాబట్టి అందరి చూపూ దాని మీదే. ఆయన మాత్రం కట్ట అడుగు నుంచి 20 గజాల దాకా పార పెట్టనిచ్చేవాడు కాదు. ఏళ్ల తరబడి అక్కడ పేరుకున్న సన్నని ఒండ్రే చెరువు అడుగుకు పూత. దాన్ని గీకేస్తే నీళ్లు కట్ట కింది నుంచి ఊరిపోతాయి. తూము గడప కంటే లోతుగా తవ్వడమూ దండగే. గడపకు కింద నిలిచిన నీళ్లు పశువులకు పనికొస్తాయి గానీ కాలువెక్కవు. అందుకని శిఖం పై అంచు నుంచి మొదలుపెట్టి వాలు తప్పకుండా తవ్వించేవాడు, నీళ్లు గుంతల్లో ఆగిపోకుండా తూము వైపు జారాలని.

ఆ ఒండ్రు చెల్క అనే తేలిక ఎర్ర నేలకు, ఇసుక పాలు ఎక్కువున్న దుబ్బ నేలకు బంగారం. రేగడికి దాని అవసరం లేదు. ఎడ్లబండి అర ఘనపు మీటరు మట్టి మోస్తుందనుకుంటే, ఎకరమంతా అంగుళం పైచిలుకు మందాన పరవాలంటే 240 బండ్లు కావాలి. ఏ ఇంటి ఎడ్లూ ఒక్క ఎండాకాలంలో అంత మోయలేవు. అందుకే ఏటా 60 బండ్లు, నాలుగేళ్లకు ఒక ఎకరం అన్నది ఆ రోజుల లెక్క. కుప్పలుగా వదిలేస్తే పెళ్లలు గట్టిపడి నాగలికి లొంగవు. ఎండలో పరిచి, తొలకరికి పెళ్ల విచ్చుకున్నాక, పశువుల పెంటతో కలిపి దున్నాలి. శిఖంలో తెల్లగా ఉప్పు పొంగిన చోటి మట్టి మాత్రం ముట్టుకోవద్దు, అది చౌడును చెల్కకు మోసుకుపోవడమే.

ఈ పనులన్నిటికీ మనుషులెట్లా వచ్చేవారంటే, దానికొక పుస్తకం ఉండేది. పేరు, చెరువు కింద ఎకరాలు, రావాల్సిన రోజులు, వచ్చిన రోజులు: నాలుగు గీతల మధ్య రాసుకున్న నోటుపుస్తకం. ఎకరం ఉన్న ఇంటి నుంచి ఏడాదికి ఇన్ని రోజులు ఒక మనిషి రావాలి. రాలేనివాళ్లు ఆ రోజు కూలి కట్టాలి. మొగదిక్కు లేని ఇళ్లకు మాఫీ. బండి తెచ్చినవాడికి ఒక రోజు రెండు రోజులుగా జమ. ఈ లెక్కను నెలకోసారి కచ్చీరు ముందు పేరుపేరునా చదివి వినిపించేవారు. అలా చదవడం వల్లనే పని జరిగిందని గట్టిగా చెప్పొచ్చు. మొదటి పేరు ఆయనదే, ఆ వరసలో చివరి గీతలో ఉన్న అంకె మూడో గీతలో ఉన్నదాని కంటే ఎప్పుడూ ఎక్కువే. అది విన్నాక ఎగ్గొట్టినవాడికి తల ఎత్తి మాట్లాడటం కష్టమయ్యేది.

ఒకదాని పొర్లు నీళ్లు ఇంకోదానికి చేరే గొలుసుకట్టు చెరువుల్లో మన చెరువుకు నీళ్లు వచ్చేది పై ఊరి మత్తడి దుంకితేనే. మధ్యలో వాగు, ఒర్రె, ఎవరెవరి చేన్ల పక్కనుంచో వచ్చే వరద కాలువ. మృగశిర లోపు ఆ కాలువ తవ్వుకోకపోతే మొదటి వరద చేన్ల మీద పడి పోతుంది. "మఖ పుబ్బలు వరపైతే మహా కరువు" అని ఊరికే అనలేదు, ఆ రెండు కార్తెల వానతోనే చాలా చెరువులు నిండాలి. పై ఊరివాళ్లు మత్తడి మీద మట్టి బస్తాలు పేర్చి ఎత్తు పెంచితే కింది ఊరికి నీళ్లు ఆలస్యం. మన రైతు పోయి గొడవ పడేవాడు కాదు, అక్కడి తనలాంటి రైతును కలిసేవాడు. "బావా, అడుగు మేర ఎత్తితివి. మీ కట్టకు నీళ్ల మీద మూడడుగులే తెరిపి ఉన్నది. రేపు వరదొస్తే రెండడుగులే. తెగితే ముందు మునిగేది మీ పొలాలే, ఎనుక మా చెరువు" అని చెప్పేవాడు. భయపెట్టడానికి చెప్పిన మాట కాదది, ఉన్న లెక్క. మత్తడి ఎత్తు కట్టినవాడు పొరపాటున పెట్టింది కాదు, కట్ట ఎత్తుతో ముడిపడ్డది. చేపల కోసం మత్తడికి అడ్డంగా కట్టే వలలు, తడికలు కూడా ఇంతే ప్రమాదం. కొట్టుకొచ్చిన చెత్త వాటికి పట్టి గోడవుతుంది.

మత్తడి దుంకిన రోజు ఊరంతా పండగ. పిల్లలు, పెద్దలు, కట్ట మైసమ్మకు కొబ్బరికాయలు. ఆయన మాత్రం నీళ్లు పడే చోట నిలబడి కింద గుంత ఎంత లోతుకు కోస్తోందో చూస్తుండేవాడు. దుంకే నీళ్లు కింది నేలను తవ్వుకుంటూ వెనక్కి, మత్తడి పునాది కిందికి జరుగుతాయి. నీళ్లు తగ్గాక ఆ గుంతలో పెద్ద బండరాళ్లు నింపించడం దసరా లోపు పని.

ముసురు పట్టిన రాత్రులు లాంతరు, కర్ర, గొంగడి. కట్ట వెనక అడుగున నడుస్తూ ఊట కనబడితే ఆగి దోసిట్లో పట్టి లాంతరు వెలుగులో చూసేవాడు. తేట నీళ్లయితే భయం లేదు, ప్రతి మట్టికట్టా కొంత ఊరుతుంది. నీళ్లు బురదగా ఉంటే మాత్రం కట్ట లోపలి మట్టి కదిలి బయటికొస్తున్నట్టు. బుంగ పడుతోందన్నమాట. అప్పుడు డప్పు మోగేది, ఇంటికొక మనిషి బస్తాతో రావాలి. వచ్చినవాళ్లు ముందుగా చేయబోయే తప్పు ఒకటుండేది: నీళ్లు ఉబికే రంధ్రాన్ని రాళ్లతో, బట్టలతో మూయబోవడం. మూస్తే నీళ్లు ఆగవు, పక్కన ఇంకోచోట చీల్చుకుని వస్తాయి. చేయాల్సింది ఉబికే చోటు చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలాగా కట్టుకుంటూ రావడం. లోపల నీళ్లు రెండు మూడు అడుగులు నిలిచేసరికి ఆ బరువు ఎదురు తోస్తుంది, ఊట జోరు తగ్గుతుంది, బురద పోయి తేట నీళ్లు వస్తాయి. తేటపడ్డాక ఒర పైనుంచి పొర్లే నీళ్లకు చిన్న కాలువ తీసి వదిలేయాలి, ఇంకా ఎత్తు పెంచకూడదు. ఈలోగా కట్టకు అటు వైపు, నీళ్ల మీద చిన్న సుడి ఎక్కడ తిరుగుతోందో చూసి అక్కడ బంక మట్టి బస్తాలు జారవిడవాలి. అసలు మరమ్మతు మళ్లీ ఎండాకాలంలోనే. వానాకాలానికి ముందే 100 ఇసుక బస్తాలు, వెదుళ్లు, గడ్డి మోపులు కట్ట మీద ఎత్తైన చోట పెట్టించి ఉంచేది ఈ రాత్రి కోసమే. ఇసుక అప్పటికప్పుడు తెద్దామంటే వాగు పొంగి ఉంటుంది.

తూము దగ్గర ప్రాణాలకే ప్రమాదం. పాత రాతి తూముల్లో నీళ్ల లోపల రాతి పలకకు రంధ్రం, దానికి చెక్క బిరడా, బిరడాకు పొడుగాటి కర్ర, కర్రను పట్టి ఉంచే రెండు రాతి స్తంభాలు. బిరడా పక్కకు కూచుంటే, కర్ర విరిగితే ఎవరో ఒకరు మునగాలి. నడుముకు మోకు లేకుండా ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. నీళ్లు పోతున్న రంధ్రం దగ్గరికి కాళ్లతో పోకూడదన్నది మొదటి నేమం. లాగే నీళ్ల బలం పైనున్నవాళ్లకు తెలియదు, కాలు పడితే పది మంది పట్టి గుంజినా రాదు. పక్క నుంచి, స్తంభం పట్టుకుని, గడ్డి చుట్టిన బంకమట్టి ముద్దను వెదురుతో రంధ్రం వైపు నెడితే నీళ్లే దాన్ని లాక్కుని బిగించుకుంటాయి. ఆ తర్వాతే మనిషి దగ్గరికి పోవాలి.

అన్నిటికంటే కష్టమైనది మట్టి పని కాదు, తైబందీ. దసరా పోయి, వానాకాలపు వరి కోతకొచ్చే వేళకు చెరువులో ఎన్ని నీళ్లున్నాయి, యాసంగికి ఎన్నెకరాలు నాటొచ్చు అని తేల్చడం. ఒక ఉదాహరణ చెబితే లెక్క తెలుస్తుంది. నీళ్లు పరుచుకున్నది 40 ఎకరాలు, సగటు లోతు 5 అడుగులు అనుకుందాం. అంటే 200 ఎకరాల మీద అడుగు లోతు నీళ్లు. ఇందులో ఎండకు ఆవిరయ్యేది, అడుగున ఇంకేది, ఎండాకాలం పశువులకు ఉంచాల్సింది కలిపి 60 తీసేయాలి. మిగిలింది 140. యాసంగి వరికి దమ్ము నుంచి గింజ గట్టిపడే దాకా సుమారు 4 అడుగుల నీళ్లు పడతాయి. కాబట్టి 35 ఎకరాలు. చెరువు కింది పొలం, అంటే ఆయకట్టు, 100 ఎకరాలైతే, ఎకరం (40 గుంటలు) ఉన్నవాడికి 14 గుంటలు. రెండెకరాలుంటే 28. ఎవరికీ ఒక్క గుంట ఎక్కువ లేదు.

14 గుంటలని పదిమందిలో తలూపి 20 గుంటలు నాటేవాళ్లుంటారు. నాటాక పీకించడం ఎవరి తరం కాదు. ఆయన దీన్ని పట్టుకునేది నారుమడి దగ్గర. ఎకరం నాటుకు రెండు గుంటల నారుమడి కావాలి, 14 గుంటలకు ముప్పాతిక గుంట లోపు, అంటే 85 చదరపు గజాలు చాలు. గుంటంటే 33 అడుగుల పొడుగు, 33 అడుగుల వెడల్పు, 121 చదరపు గజాలు. కాలి నడకతో కొలిచినా తెలిసిపోయేది. 130 గజాలు నారు పోసినవాడి మడి గట్టున కూచుని, "అల్లుడా, నారు మస్తు పోసినవ్, ఎవలికన్న ఇచ్చేదున్నదా?" అని అడిగేవాడు. అంతే. వారంలో ఆ మిగులు నారు తక్కువ పడ్డ ఇంకొకరి మడికి చేరేది.

ఇంత పట్టుదల ఎందుకంటే, యాసంగి వరి ఎండేది మొదట్లో కాదు, చివర్లో. చిరుపొట్ట నుంచి పాలు పోసుకునే దాకా ఉన్న రోజుల్లో మడి ఎండితే కంకి బయటికొచ్చినా గింజ తాలు. ఆరుగురు ఎక్కువ నాటిన 6 గుంటల చొప్పున కలిపితే దాదాపు ఎకరం. ఆ ఎకరం తాగిన నీళ్లు ఆఖరి రెండు తడుల్లో అందరికీ తక్కువ పడతాయి. రకం కూడా అందుకే ఊరంతా ఒకటే వేసేవారు. యాసంగికి తెల్లహంస అనేవారు, చలికి తట్టుకుంటుంది, నాలుగు నెలల్లో చేతికొస్తుంది. సన్న బియ్యం ఆశకు ఎవరైనా ఐదు నెలల సాంబ మసూరి పెడితే నెల రోజుల తడులు, రెండేసి అంగుళాల చొప్పున నాలుగు తడులు, 8 అంగుళాల నీళ్లు అదనం. అందరి కోతలయ్యాక ఒక్క మడి కోసం తూము ఎత్తి ఉంచాల్సి వస్తుంది.

వంతుల లెక్కా అంతే నికరంగా ఉండేది. తూము సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు వదిలితే గంటకు ఎకరం మీద అంగుళం నిలుస్తుంది. రెండంగుళాల తడికి ఎకరానికి రెండు గంటలు, 14 గుంటలకు 42 నిమిషాలు. కాలువలో ఇంకేదానికి పావు వంతు కలుపుకుంటే 50 నిమిషాల పైన. గడియంటే 24 నిమిషాలు, కాబట్టి పాతవాళ్లు "రెండు గడియలు" అని వంతు పెట్టి, దూరపు మళ్లకు కొంచెం మొగ్గు చూపేవారు. రాత్రి వంతులకు ఆకాశంలో పిల్లలకోడి చుక్కలు ఎక్కడిదాకా వచ్చాయి, వేగుచుక్క పొడిచిందా అన్నది గడియారం. తర్వాత చేతి గడియారాలొచ్చాక జగడాలు పెరిగాయే గానీ తగ్గలేదు, ఎవరి గడియారం వాళ్లదైంది.

నీళ్లు మొదట పారేది కాలువ కొసన ఉన్న మడికి. పైనుంచి మొదలుపెడితే కొసకు చేరేసరికి తూము కట్టే వేళవుతుంది. కొసవాళ్లకు వంతు మొదలయ్యేది నీళ్లు వాళ్ల మడి గండి తాకినప్పటి నుంచే, ఎండిన కాలువ నిండే సమయం వాళ్ల లెక్కలో పడదు, ఉమ్మడి. తూము కట్టాక కాలువలో నిలిచిన నీళ్లూ కొసకే. ఆయన మడి తూముకు దగ్గర్లో ఉన్నా, ఆయన వంతు అందరి తర్వాతే పెట్టుకునేవాడు. ఎవరూ అడగలేదు. పెద్దమనిషి మడి ముందు తడిస్తే లెక్క మీద నమ్మకం పోతుందని ఆయనకు తెలుసు.

ఈ పెద్దరికం బరువు మోసింది ఆయన ఒక్కడే కాదు. కట్ట మీద ఆయనున్న ప్రతి పూటా ఇంటి పొలం మీద ఇల్లాలు ఉంది. తమ మడికి నీళ్లు చివరన అని తెలుసు కాబట్టి నారు వారం ఆలస్యంగా పోసేది. ముందే పోస్తే నారు ముదురుతుంది, 40 రోజులు దాటిన నారు నాటితే పిలకలు సరిగా రావు. ఎకరం నాటుకు డజను మందికి పైగా ఆడవాళ్లు కావాలి, చివర్లో నాటేవాళ్లకు కూలీలు దొరకరు. అందుకని ఆమె ముందుగా నాలుగిళ్ల మళ్లలో బదులు నాటి పెట్టుకునేది, ఆ నాలుగిళ్లవాళ్లు తర్వాత వచ్చి తీర్చేవారు. కట్ట పని రోజుల్లో గటక, అంబలి కుండలతో కట్ట మీదికి పోయేది ఆమే. పుస్తకంలో మాత్రం ఆ గీతలకు ఆమె పేరు లేదు. ఉండాల్సింది.

విత్తనం కూడా ఆమె ఖాతానే. మడి నడుమ, ఒకేలా పండిన జాగా చూసి, వేరే రకం బెరుకులు ఏరేసి, విడిగా కోసి విడిగా కొట్టేవారు. పంటి కింద గింజ టక్కుమని విరిగేదాకా ఎండబెట్టి, వేపాకు పరిచిన గుమ్మిలో పోసి మూత మీద మట్టితో మెత్తేది. తొలకరికి ముందు 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి, మూడు నాలుగు రోజులకు విప్పి చూసేది. 80కి పైగా మొలిస్తేనే విత్తనం, లేకపోతే తిండి గింజలే. ఊళ్లో విత్తనం లేనివాళ్లకు బయట నాగుకు, అంటే గింజల వడ్డీకి, ఇచ్చేవారు, పంటకు ఒకటికి ఒకటిన్నర కొలవాలి. ఈ ఇంట్లో కుంచం ఇస్తే కుంచమే. తిరిగి తెచ్చేటప్పుడు తాలు లేకుండా తూర్పారబట్టి తేవాలన్న ఒక్క షరతు ఉండేది.

మిగతా ఊరి పనులు చిన్నవి, లెక్కలేనివి. గట్టు తగాదాకు కొలత గొలుసు పట్టడం, ఎద్దు చచ్చిన ఇంటికి తన ఎడ్లు తోలిపెట్టడం, చావు ఇంట్లో కట్టెలు, పెళ్లి ఇంట్లో నీళ్లు. నాగలికి జత ఎడ్లు రోజుకు అరెకరం దున్నడమే గొప్ప. అదనులో ఒక రోజు ఎడ్లు ఇవ్వడమంటే తన అరెకరం అదను తప్పించుకోవడం.

ఇదంతా ఇవాళ్టిది కాదు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు కాకతీయుల నాటివి. కడప వైపు పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాకుమారుడు భాస్కరుడు కట్టించిన ఆ చెరువుకు రెండేళ్ల పాటు రోజూ 1000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేశాయని అందులో రాశారు. మంచి చెరువుకు 12 అంగాలు, ఆరు దోషాలు చెప్పారు. కట్టలోంచి నీళ్లు ఊరడం ఒక దోషం, నీళ్లు తక్కువై సాగు భూమి ఎక్కువ కావడం ఇంకొకటి. కట్ట మీది రైతు బతుకంతా ఆ రెండు దోషాలతోనే గడిచింది. రాయలసీమలో చెరువు బాగోగులు చూసేవాళ్లకు దశబంధం ఇనాములని భూములుండేవి. మన రైతుకు ఇనామూ లేదు, శాసనమూ లేదు.

తర్వాత మోటార్లు వచ్చాయి, బోర్లు వచ్చాయి. బోరున్నవాడికి వంతుతో పనిలేకపోయింది, వంతుతో పనిలేనివాడు కాలువ తవ్వడానికి రాలేదు. 1980ల నడుమ పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యాయి. వాటి వల్ల ఊళ్లు పడ్డ బాధ పోవడం మంచిదే, కానీ దాంతో పాటే నీరటి మేర కూడా చాలా చోట్ల ఆగిపోయింది. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలొచ్చాయి, 2015లో మిషన్ కాకతీయ మొదలై 46 వేలకు పైగా చెరువులు, కుంటల జాబితాతో పూడికతీతకు దిగింది. యంత్రం ఒక్క రోజులో తీసే మట్టి ఎడ్లబండ్లు ఎండాకాలమంతా తోలినా తీయలేవు, అది కాదనలేం. పూడిక తీసిన చెరువులు నిండాయి. చెల్కల మీద మళ్లీ నల్లమట్టి కనబడింది. నిండాక వెనక వాలు అడుగున లాంతరు పట్టుకుని నడిచే మనిషి ఎవరన్నది మాత్రం ఏ అంచనా పత్రంలోనూ రాయరు.

యాసంగి కోతలు అయ్యాక తూము ఆఖరిసారి కట్టేవారు. అడుగున మిగిలిన నీళ్లు పశువులవి, మోట గానీ మోటారు గానీ అందులో పెట్టకూడదని ఊరి కట్టుబాటు. అవీ ఇంకి, తూము గడప బయటపడ్డాక, ఆయన బిరడా ఊడదీసి ఇంటికి తెచ్చేవాడు. ఏడాదంతా నీళ్లలో నానిన చెక్క ఒక్కసారిగా ఎండకు పడితే పగుళ్లిస్తుంది, పగిలిన బిరడా రంధ్రంలో సరిగా కూచోదు. అందుకని పెరట్లో పశువులు తాగే గోలెంలో దాన్ని ముంచి, తేలకుండా పైన రాయి పెట్టి ఉంచేవారు. మృగశిర దాకా రోజూ పొద్దున, బిరడా మునిగేట్టు, బావి నుంచి నాలుగు బిందెలు తోడి ఆ గోలెం నింపేది ఆమే.